ఏం పనికి సామీ?

నెల్లూరు చిన్నబజారులో ఆ కాగితాల కొట్టు గోడౌను మొన్న కార్తీకంలో తెరిచారు. సెట్టిగారు పోయి ఏడాది కావస్తోంది. పిల్లలు బెంగుళూరులో ఉన్నారు, గది ఖాళీ చేసి అద్దెకిస్తారట. రాత్రంతా వాన కురిసి తెరిపిచ్చిన పొద్దు. షట్టరు మోకాలెత్తు లేచిందో లేదో లోపలి గాలి బజార్లోకి వచ్చేసింది. తడి పీల్చిన గోధుమరంగు చుట్టుకాగితం, గంజి, పటిక, అడుగున చెదపట్టిన తాటిదుంగలు, అన్నీ కలిసిన వాసన. పుస్తకాల షాపు వాసన వేరు, అందులో సిరా ఉంటుంది. ఇది ఇంకా ఏ అక్షరమూ పడని కాగితం వాసన.

ఆ కొట్లో కాగితం అడిగితే ధర వెంటనే వినపడేది కాదు. సెట్టిగారు చిట్టాలోంచి తల ఎత్తకుండానే "ఏం పనికి సామీ?" అనేవారు. కొత్తవాళ్ళకి చిరాకేసేది, డబ్బిచ్చి కొనుక్కునే కాగితానికి మళ్ళీ సంజాయిషీ కూడానా అని. రోజూ వచ్చే ప్రెస్సువాళ్ళు మాత్రం మెట్టెక్కుతూనే చెప్పేవాళ్ళు. "బిల్లుబుక్కులకయ్యా, రెండు కాపీలు." "కాలేజీ మేగజైనుకి, ఫొటో బ్లాకులుండాయి." "రైసుమిల్లు లెడ్జర్లకి." పని చెబితే చాలు, కాగితం పేరు ఆయనే చెప్పేవారు. తెల్లకాగితమని ఒకటేదీ లేదనీ, తెల్లగా కనపడే కాగితాలు బోలెడున్నాయనీ ఆ మెట్ల మీద వారం రోజులు నిలబడితే ఎవరికైనా తెలిసొచ్చేది.

అరలు

ఎడమచేతి వైపు మొదటి అర క్రీమ్‌వోవ్‌ది. రాతపుస్తకాలు, రసీదులు, చౌక పుస్తకాలు, అన్నిటికీ అదే. వోవ్ అంటే నేసినది. నీళ్ళల్లో కలిపిన గుజ్జు పారే జల్లెడ బట్టలాగా నేసి ఉంటుంది కాబట్టి ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపడితే గీతలుండవు, పల్చటి మబ్బులాగా ఉంటుంది. ఆ మబ్బు ఎంత సమంగా ఉంటే కాగితం అంత మంచిది. ముద్దలు ముద్దలుగా కనపడితే ముద్దలున్నచోట సిరా ఒకలా, పల్చటిచోట ఇంకొకలా పట్టుతుంది.

దాని పక్కన మ్యాప్‌లితో. పేరులోనే మ్యాపూ లితో రెండూ ఉన్నాయి. ఆఫ్‌సెట్ మిషనులో సిరాతో పాటు నీళ్ళ తడి కూడా కాగితానికి తగులుతుంది. జిగట సిరా రబ్బరు బ్లాంకెట్ మీద నుంచి కాగితాన్ని పట్టి లాగుతుంది. ఆ లాగుడుకి పైన నార లేచిపోకుండా మిల్లులోనే రెండువైపులా గంజి పట్టిస్తారు. అదే సర్ఫేస్ సైజింగ్, ప్రెస్సు భాషలో ఎస్.ఎస్. మన రాష్ట్రం పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో '70 జి.ఎస్.ఎం. ఎస్.ఎస్. మ్యాప్‌లితో' అని సన్నక్షరాల్లో ఉండేది ఇదే. ఏళ్ళ తరబడి పిల్లలందరూ చూసిన మాట, అర్థం అడిగినవాళ్ళు తక్కువ. జి.ఎస్.ఎం. అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. గంజి పట్టించినంత మాత్రాన అది పూత కాదు. ఆర్ట్ పేపరు మీద చైనా మట్టి పూత నారని పూర్తిగా కప్పేస్తుంది, అందుకే ఆ మెరుపు. గంజి నారల సందుల్లోకి ఇంకి వాటిని అంటిపెడుతుంది, నార ఇంకా వేలికి తగులుతూనే ఉంటుంది. సెట్టిగారి కొట్లో ఆర్ట్ పేపరు ఒక్క మూల. మిగతాదంతా పూత లేనిదే.

తర్వాత లెడ్జరు, బాండు, బ్యాంకు, డూప్లికేటర్, అన్నిటికన్నా పైన ఎవరూ ముట్టుకోని ఎత్తులో అజూర్ లెయిడ్. లేత నీలిరంగు. వెలుతురుకి పెడితే దగ్గర దగ్గరగా సన్నగీతలు, వాటికి అడ్డంగా అంగుళమేసి దూరంలో గొలుసు గీతలు. గుజ్జు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు పైనుంచి డాండీ రోలు అనే తీగల గొట్టం దొర్లి ఆ ముద్ర వేస్తుంది. వాటర్‌మార్కు పడేదీ దానితోనే. ఒత్తుడు తగిలినచోట నార పల్చబడుతుంది, పల్చబడినచోట వెలుతురు ఎక్కువ దూరుతుంది. అందులో మంత్రమేమీ లేదు.

బాండ్ పేపరంటే ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి స్టాంపు కాగితమే. "బాండ్ పేపరు ఒకటివ్వు సామీ, పొలం అగ్రిమెంటు రాయాల" అని వచ్చినవాళ్ళని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి దగ్గరికి పంపడం రోజూ ఉండే పనే. అసలు బాండు వేరు. రుణపత్రాలు అచ్చేసే గట్టి కాగితం నుంచి ఆ పేరు వచ్చింది. మేలురకంలో నూలుగుడ్డల గుజ్జు కలుస్తుంది. నారని బాగా నలగ్గొట్టి, సైజింగు, అంటే తడి ఇంకకుండా ఆపే మందు, గట్టిగా వేసి చేస్తారు. మూల పట్టుకుని విదిలిస్తే పెళపెళమంటుంది. అదే పని క్రీమ్‌వోవ్‌తో చేస్తే గుడ్డ దులిపినట్టు చప్పుడు. సెట్టిగారు లోపలి గదిలో ఉండి, బయట కుర్రాడు విదిలించిన చప్పుడు విని "అది కాదురా, పై అరలోది" అనేవారు.

గంటల కొద్దీ నడిచిన బేరం

తిక్కన ఊరు, కవులకి కొదవ లేదు. కావలి వైపు నుంచి ఒక మాస్టారు తన పద్యాల పుస్తకాన్ని బాండ్ పేపరు మీదే వేయించాలని పట్టుబట్టారు. ఖర్చుకి వెనకాడేది లేదన్నారు. సెట్టిగారు అమ్మనన్నారు. బేరమాడేది కొనేవాడు కదా, ఇక్కడ అమ్మేవాడు వద్దంటాడు.

ఆయన చెప్పిన కారణం ఇది. బాండుకి నారని నలగ్గొట్టేకొద్దీ నారలు ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకుంటాయి. బలం వస్తుంది, కానీ సందుల్లో గాలి పోతుంది. గాలి పోయినకొద్దీ కాగితం అద్దంలా తయారవుతుంది, వెనక పేజీ పద్యం ముందు పేజీలో తిరగబడి కనపడుతుంది. ఉత్తరానికి ఒకవైపే రాస్తాం, పరవాలేదు. పుస్తకానికి రెండువైపులా అచ్చు. పైగా సీసపు అక్షరాల అచ్చుకి కాస్త మెత్తటి కాగితం కావాలి, అక్షరం లోపలికి కూర్చుని సిరా పట్టాలి. బిర్రుగా ఉండే బాండు మీద అదే నలుపు రావాలంటే ఒత్తు పెంచాలి, ఒత్తు పెంచితే టైపు అరుగుతుంది. పుస్తకం తెరిచిపెడితే పడుకోదు, రెక్కలు విప్పిన కొంగలా లేచి నిలబడుతుంది. చివరికి మాస్టారు 70 జి.ఎస్.ఎం. నేచురల్ షేడ్, అంటే లేత మీగడరంగు, మ్యాప్‌లితో తీసుకెళ్ళారు.

లెక్క కూడా అక్కడే అట్టముక్క మీద పడింది. డెమీ 1/8 సైజు, 160 పేజీలు, 1000 కాపీలు. 23 అంగుళాలకి 36 అంగుళాల షీటు ఒకటి మడిస్తే 16 ఆకులు, అంటే 32 పేజీలు. కాపీకి 5 షీట్లు. మొత్తం 5000 షీట్లు, 500 షీట్ల రీములు 10. మిషను సరిచేసుకునేటప్పుడు పాడయ్యేవీ, కటింగులో పోయేవీ ఉంటాయి కాబట్టి ఇంకో అర రీము. కాగితం అమ్మేది కిలోల్లెక్కన. రీము బరువు రావాలంటే పొడవు అంగుళాలు, వెడల్పు అంగుళాలు, జి.ఎస్.ఎం. మూడూ గుణించి 3100తో భాగించాలి. 23, 36, 70 గుణిస్తే 57,960. భాగిస్తే 18.7 కిలోలు. పది రీములకి 187. సెంటీమీటర్లలో అయితే 20,000తో భాగించాలి. ఆ రెండంకెలు గోడ మీద సుద్దతో రాసి ఉండేవి. గోడకి సున్నం వేసిన ప్రతిసారీ మళ్ళీ రాసేవాళ్ళు.

అట్ట గీసేవాడికి వెన్ను మందం కూడా చెప్పాలి. దానికి జి.ఎస్.ఎం. పనికిరాదు. బరువు ఒకటే అయినా నున్నగా ఇస్త్రీ చేసిన కాగితం పల్చగా ఉంటుంది, గరుకుది బొద్దుగా ఉంటుంది. 100 ఆకులు గట్టిగా నొక్కిపట్టి స్కేలుతో కొలిస్తే 9 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం, ఒక్కో ఆకు 90 మైక్రాన్లు. 160 పేజీలంటే 80 ఆకులు, వెన్ను 7 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇది కొలవకుండా అట్ట అచ్చేయించినవాళ్ళ పుస్తకాలకి పేరు వెన్ను మీద నుంచి పక్కకి జారి ఉండేది.

నాలుక, చెవి, కంసాలి త్రాసు

రీము చీటీ మీద 70 అని ఉంటే 70 ఉంటుందా? మిల్లుకి కాస్త అటూ ఇటూ వెసులుబాటు ఉంటుంది, అది అందరికీ తెలిసిందే. అంతకు మించి తేడా అనుమానం వస్తే పది షీట్ల నుంచి పది సెంటీమీటర్ల చదరపు ముక్క ఒక్కొక్కటి కత్తిరించి, పదీ కలిపి పక్కకొట్టు కంసాలి త్రాసులో వేసేవాళ్ళు. ఎన్ని గ్రాములు వస్తే దానికి పది రెట్లు జి.ఎస్.ఎం. 7 గ్రాములు తూగితే 70. ఒకసారి ఎక్కడి నుంచో వచ్చిన లోడులో 6.2 తూగింది. సెట్టిగారు ఏమీ అనలేదు, చీటీ మీద 62 అని ఎర్రపెన్సిల్‌తో దిద్ది అదే లెక్కన అమ్మారు. ఆ నష్టం ఎవరిదో ఆయనకీ పంపినవాడికీ తెలియాలి.

లెక్కింపులో ఇంకో చిక్కు. పాతకాలపు దస్తా అంటే 24 షీట్లు, 20 దస్తాల రీము 480. తర్వాత రీము 500 అయింది. కొన్నాళ్ళు రెండూ బజార్లో తిరిగాయి. రీము పేరు చెప్పి 480 అంటగట్టేవాళ్ళకి అది పండగ. అందుకని రీము విప్పగానే మూల విసనకర్రలా విప్పి బొటనవేలితో అయిదేసి లెక్కపెట్టేవాళ్ళు. ఆ చప్పుడు వేగంగా తిరిగే రాట్నంలా ఉండేది.

సైజింగు పరీక్ష నాలుకతో. కాగితం మూల నాలుకకి తగిలిస్తే సైజింగు లేనిది చటుక్కున అతుక్కుంటుంది, తడి వెనక్కి దిగిపోతుంది. గట్టిగా సైజు చేసినది జారిపోతుంది. లాబొరేటరీలో దీన్నే కాబ్ పరీక్ష అంటారు. నిర్ణీత విస్తీర్ణం మీద 60 సెకన్ల పాటు నీళ్ళు నిలబెట్టి, కాగితం ఎన్ని గ్రాములు పీల్చిందో తూచడం. కొట్లో నాలుక కాక ఇంకోటి పాళీ. సిరాపెన్నుతో ఒకదాన్నొకటి కోసుకునేలా రెండు గీతలు గీసేవాళ్ళు. కోసుకున్నచోట సిరా వెంట్రుకల్లా పక్కకి పాకితే రాతకి పనికిరాదు. బాల్‌పెన్నులు వచ్చాక ఈ పరీక్ష అడిగేవాళ్ళు లేకుండా పోయారు. బాల్‌పెన్ను సిరా నూనెముద్ద, ఎలాంటి కాగితం మీదైనా ఊరకుండా నడుస్తుంది.

కాల్చి చూడడం ఇంకొకటి. అర చెయ్యంత ముక్క కాలిస్తే బూడిద పొడిపొడిగా రాలిపోతే నార ఎక్కువ. కాలిన తర్వాత కూడా ముక్క ఆకారం తెల్లగా నిలబడితే రాతిపొడి, సుద్ద లాంటి నింపుడు ఎక్కువ. నింపుడు చెడ్డదని కాదు. అది లేకపోతే కాగితం ఇంత తెల్లగా, ఇంత నున్నగా, వెనక అచ్చు కనపడకుండా ఉండదు. మోతాదు మించితేనే చిక్కు. నార పట్టు తగ్గి మడతలో చిట్లుతుంది. మిషను మీద తెల్లటి పొడి రాలి బ్లాంకెట్ మీద పేరుకుంటుంది, వెయ్యి కాపీలు తిరగకముందే అక్షరాల్లో తెల్లచుక్కలు మొదలవుతాయి.

ఉగాదికి ముందు

మార్చి నెలంతా లెడ్జర్ల పని. కొత్త ఖాతా పుస్తకాలకి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, మొదటి పేజీలో శ్రీకారం రాసి తెరిచే షాపులు ఆ బజారంతా ఉండేవి. బియ్యం మిల్లులు, గూడూరు అభ్రకం వ్యాపారులు, కందుకూరు, ఒంగోలు పొగాకు వర్తకులు. లెడ్జరు కాగితానికి పరీక్షలన్నీ కఠినమే. ఏడాది పొడవునా రోజుకి యాభైసార్లు తిరగేస్తారు కాబట్టి మడత దగ్గర చిరగకూడదు. రెండువైపులా సిరా రాత, వెనక్కి దిగకూడదు. అన్నిటికన్నా గుమాస్తా బ్లేడుతో అంకె గీకేసి అక్కడే మళ్ళీ రాస్తే సిరా పాకకూడదు. పైపైన గంజి మాత్రమే ఉన్న కాగితం ఇక్కడే దొరికిపోతుంది. గీకగానే గంజి పోతుంది, కింద సైజింగు లేని గుల్ల మిగులుతుంది. లెడ్జరుకి గుజ్జులోనే సైజింగు కలిసి ఉండాలి, అడుగు దాకా.

గీతలు వేసే రూలింగు మిషను గోడౌను వెనక వరండాలో ఉండేది. కర్ర చట్రం, కదిలే గుడ్డపట్టా, దాని మీద వరసగా ఇత్తడి పాళీలు. పాళీల పైన పరిచిన ఉన్నిగుడ్డకి ఎరుపో నీలమో రంగునీళ్ళు పోస్తుంటే అవి పాళీల్లోకి దిగి, కింద నడిచే కాగితం మీద గీతలు పడేవి. రూపాయల గడికి ఎర్రజంట గీత, పైసల గడికి ఒంటి గీత. కిర్రు కిర్రుమని ఒకే శ్రుతి, మధ్యాహ్నం నిద్రకి జోలపాటలాగా. ఆ రంగు ఉత్తి నీళ్ళరంగు. అందుకని సైజింగు చాలని కాగితం వస్తే మొదట తెలిసేది రూలింగాయనకే. గీత తాడులా లావెక్కేది. ఆయన పట్టా ఆపేసి, ఏమీ మాట్లాడకుండా ఆ షీటు తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టి వెళ్ళిపోయేవాడు.

నార పోయే దిక్కు

బైండింగ్ సాయిబు దుకాణం పక్క సందులో. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురు కుండ ఎప్పుడూ ఉడుకు మీదే ఉండేది. ప్రెస్సు నుంచి ఫారాలు రాగానే ఆయన ముందు చేసే పని చదవడం కాదు, చించడం. ఒక షీటు మూల నిలువుగా చించి, అడ్డంగా చించి చూసేవాడు. ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, ఇంకోవైపు వంకర్లు పోతుంది. తిన్నగా చిరిగిన దిక్కే నార పోయే దిక్కు, ప్రెస్సు మాటలో గ్రెయిన్. మిల్లులో గుజ్జు నీళ్ళు జల్లెడ మీద వేగంగా పరుగెత్తేటప్పుడు నారలు వాగులో గడ్డిపరకల్లా ఆ దారినే సర్దుకుంటాయి.

తడి తగిలితే నార లావెక్కినంతగా పొడవు సాగదు. అంటే కాగితం గ్రెయిన్‌కి అడ్డంగా ఎక్కువ పెరుగుతుంది, వెంబడి చాలా తక్కువ. పుస్తకంలో గ్రెయిన్ వెన్నుకి సమాంతరంగా ఉండాలి. అలా ఉంటే జిగురు తడికి ఆకు బయటి అంచు వైపు పెరుగుతుంది, అక్కడ దానికి అడ్డేమీ లేదు. గ్రెయిన్ అడ్డంగా పడితే వెన్ను వెంబడి పెరగాలని చూస్తుంది, అక్కడేమో జిగురూ దారమూ కట్టేసి ఉంటాయి. పెరగలేక అలలు తేలుతుంది. ఆ పుస్తకం ఎంత బరువు పెట్టి నొక్కినా జన్మలో చదునుగా పడుకోదు. షీటు మడత దగ్గర చిట్లడం కూడా అడ్డ గ్రెయిన్ పనే, లావు కాగితంలో మరీ.

చించడం ఇష్టం లేనివాళ్ళకి ఇంకో దారుంది. ఒకే కొలతలో రెండు పేలికలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కత్తిరించి, జంటగా ఒక కొసన పట్టుకుంటే గ్రెయిన్ అడ్డంగా ఉన్న పేలిక మెత్తగా వేలాడుతుంది. లేదంటే చిన్న ముక్కని ఒకవైపే తడిపితే గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవే గ్రెయిన్.

రెండు ముఖాల సంగతి కూడా సాయిబు దగ్గరే తెలిసేది. జల్లెడకి ఆనుకున్న వైపు వైరు ముఖం, పై వైపు ఫెల్టు ముఖం. నీళ్ళల్లో ముంచి తీసి ఏటవాలుగా చూస్తే వైరు ముఖం మీద నేత జాడ కనపడుతుంది. ఒకవైపే అచ్చయ్యే ఉత్తరాల కాగితానికి, శుభలేఖలకి ఫెల్టు ముఖమే పైకి రావాలి. ఇప్పుడు జిరాక్సు రీముల చుట్టుకాగితం మీద బాణం గుర్తు ఉంటుంది చూడండి, ముందు అచ్చుపడాల్సిన వైపు అది చెబుతుంది. ఆ బాణాన్ని చూసి ట్రేలో పెట్టేవాళ్ళు నూటికొకరుంటారేమో.

తుపాను, వడగాలి

నెల్లూరులో కాగితానికి రెండు శత్రుకాలాలు. కార్తీకంలో తుపాన్లు, రోహిణి కార్తెలో వడగాలి. కాగితంలో ఎప్పుడూ నూటికి అయిదారు వంతులు తడి ఉంటుంది. వానాకాలం రీము విప్పి రాత్రి అలా వదిలేస్తే దొంతర అంచులు తడి పీల్చి సాగుతాయి, నడిమి భాగం అలాగే ఉంటుంది. తెల్లారేసరికి అంచులు మైపాడు అలల్లాగా తయారు. మిషను రెండేసి షీట్లు లాక్కుంటుంది, అంచున ముడతలు పడతాయి. ఎండాకాలం ఇది తిరగబడుతుంది. అంచులు ఎండి బిగుసుకుని నడుమ బొజ్జ వస్తుంది, షీట్లు కరెంటు పట్టి ఒకదాన్నొకటి వదలవు.

రెండు రంగుల పనిలో అసలు బాధ. ఇవాళ ఎరుపు వేసి, ఆరనిచ్చి, రేపు నలుపు వేద్దామంటే రేపటికి షీటు అరమిల్లీమీటరు పెరిగి ఉంటుంది. అమ్మవారి పెదవుల ఎరుపు గడ్డం మీద పడిన క్యాలెండర్లు ఆ నెలల్లో అచ్చయినవే. మందు పెద్దదేమీ లేదు. రీములు మిషను గదిలోనే ఒకరోజు ముందు తెచ్చిపెట్టడం, పని మొదలయ్యేదాకా చుట్టుకాగితం విప్పకపోవడం, విప్పిన దొంతర మీద పాలిథీన్ కప్పడం, రెండు రంగులకీ మధ్య ఎక్కువ సమయం పోనివ్వకపోవడం. ఆఫ్‌సెట్‌లో గ్రెయిన్ సిలిండరు పొడవు వెంబడి పెట్టుకుంటారు. పెరిగితే సిలిండరు చుట్టూ తిరిగే దిక్కులో పెరుగుతుంది, ఆ దిక్కులో మిషనుమ్యాన్ కాస్త సర్దుకోగలడు. గోడౌనులో అయితే తాటిదుంగల మీద చెక్కలు, గోడకి జానెడు ఎడం. నేల మీద ఒక్క రీము కూడా పెట్టనిచ్చేవారు కాదు.

ఇప్పటికీ నవంబరులో జిరాక్సు షాపుల్లో కాగితం ఇరుక్కునేది అందుకే. సగం వాడిన రీము చుట్టుకాగితం మళ్ళీ మడిచిపెడితే సగం గొడవ తగ్గుతుంది.

గులాబీ, పచ్చ, లేతాకుపచ్చ

సినిమా కరపత్రాల కాగితం కొట్టు బయటే మెట్ల పక్కన ఉండేది. పల్చటిది, రంగు గుజ్జులోనే కలిపినది, ఎండ తగిలిన పక్క వారంలో వెలిసిపోయేది. రిక్షాలో మైకు వెళ్తుంటే వెనక పిల్లలు పరుగెత్తి ఏరుకునే కాగితం. దానికి సైజింగు అక్కర్లేదు, తెలుపు అక్కర్లేదు, ఆ సాయంత్రం దాకా బతికితే చాలు. "దీనికి ఏం పనికి అని అడగవేం సెట్టిగారూ?" అంటే "గాల్లో ఎగరడానికి" అన్నారట.

సైక్లోస్టయిల్ కాగితం, అదే డూప్లికేటర్, దానికి దగ్గర చుట్టం. పరీక్ష పేపర్లు, యూనియన్ నోటీసులు స్టెన్సిలు కోసి తిప్పే రోజుల్లో ఆ కాగితం గుల్లగా, సైజింగు తక్కువగా ఉండాలి. స్టెన్సిలు సిరా నూనెది, ఇంకితేనే ఆరుతుంది. గొప్పగా ఉంటుందని బాండు మీద తిప్పితే సిరా పైనే నిలబడి, పై షీటు వెనక్కి అంటుకుని, చేతులకీ చొక్కాలకీ పూసుకునేది. అదే డూప్లికేటర్ కాగితం మీద పెన్నుతో సంతకం పెడితే అద్దుడు కాగితం మీద పెట్టినట్టే. రెండూ తెల్లవే, రెండూ ఒకే ధరకి అటూ ఇటూ.

బిల్లుబుక్కుల్లో పైది క్రీమ్‌వోవ్, కింద కాపీలకి బ్యాంకు పేపరు, గులాబీదో పసుపుదో. లావు కాగితమైతే కార్బన్ ఒత్తు దిగదు. పొగాకు వేలం నాటి పట్టీల్లో నాలుగో కాపీ చదవడానికి రైతు దాన్ని ఎండకి పట్టుకుని చూసేవాడు.

కర్ర లారీలు

హైవే మీద సింగరాయకొండ దాటాక ఇప్పటికీ కనపడతాయి, బెరడు తీసిన సుబాబుల్, జామాయిల్ కర్ర నింపుకుని ఉత్తరానికి పోయే లారీలు. కందుకూరు, లింగసముద్రం వైపు మెట్టపొలాల్లో పెరిగినది, తీరం వెంబడి సరుగుడు. రాజమండ్రికీ, భద్రాచలం దగ్గర సారపాకకీ. పచ్చికర్రలో దగ్గరదగ్గర సగం నీళ్ళే. ఎండిన మిగతాదాంట్లో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లో ఉడికాక గుజ్జయ్యేది మళ్ళీ సగానికి కాస్త తక్కువ. మిగిలేదంతా కర్రకి జిగురులాంటి లిగ్నిన్, తదితరాలు, నల్లటి ద్రావణంగా పోయి బాయిలరులో మండుతాయి. ఈ చెట్ల నార పొట్టిది, మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. పొట్టినార నునుపుకీ, వెనక అచ్చు కనపడకుండా ఉండడానికీ మంచిది. పూర్వం ఎక్కువగా వాడిన వెదురు నార ఇంకా పొడుగు, చిరుగుడుకి ఆగుతుంది. ఉడికించి లిగ్నిన్ తీసేసిన గుజ్జుతో చేస్తే 'వుడ్‌ఫ్రీ' అంటారు. కర్రే లేదని అర్థం కాదు, కర్రని ఉత్తినే నూరి కలపలేదని. న్యూస్‌ప్రింటు అలా నూరినది, అందుకే వారం ఎండలో పచ్చబడుతుంది.

దక్షిణానికి తిరిగొచ్చే లారీల్లో రీములు దిగేటప్పుడు సెట్టిగారు అనేవారు, "మన కందుకూరు కర్రే, గోదాట్లో స్నానం చేసి వచ్చింది."

ఒక తరం కాగితమంతా రోజిన్ అనే చెట్టు బంక, పటికతో సైజు చేసినది. పటిక పులుపు, ఆమ్లం. ఆ ఆమ్లం ఏళ్ళ తరబడి నారని లోపల్లోపల తెంపుతుంది. ఆ కాలం పుస్తకాలు ఇప్పుడు మూల మడిస్తే అప్పడంలా విరుగుతున్నాయంటే కారణం అదే. వాటికన్నా ముందటి నూలుగుడ్డల లెడ్జర్లు ఇంకా గట్టిగా ఉన్నాయి. తర్వాత మిల్లులు క్షారపద్ధతికి మారి, పటిక మాని, సుద్దని నింపుడుగా వేయడం మొదలుపెట్టాయి. తెలుపు పెరిగింది, ఆయుష్షూ పెరిగింది. ఇప్పటి నీలిమెరుపు తెలుపు మాత్రం సుద్దది కాదు, బట్టలకి నీలిమందు పెట్టినట్టు కలిపే బ్రైట్‌నరుది. కాసేపు చదివితే కళ్ళు గుంజుతాయి. నవలకి నేచురల్ షేడే మేలని ఇప్పటికీ చెప్పవచ్చు, అడిగితే.

గోడౌనులో చివరికి మిగిలింది ఎనిమిది బస్తాల సరుకు. ఎలకలు కొట్టిన క్రీమ్‌వోవ్, అంచులు పచ్చబడిన మ్యాప్‌లితో, రంగు వెలిసిన కరపత్రాల కాగితం, పై అరలో అజూర్ లెయిడ్ ముప్పాతిక రీము. పాతకాగితాల కొట్టు నుంచి తోపుడుబండి వచ్చింది. "మొత్తం ఒక లెక్కన తీసుకుపో అన్నా" అన్నాడు సెట్టిగారి పెద్దబ్బాయి. బండాయన సరేననలేదు. బస్తా విప్పి రంగుకాగితం ఒక పక్కకి నెట్టాడు, గోధుమరంగు చుట్టుకాగితం ఇంకో పక్కకి. నీలిరంగు షీటు ఒకటి లాగి మూల చించాడు, చించిన అంచు వెలుతురుకి పట్టాడు, విదిలించి విన్నాడు.

"ఇది లెడ్జరు సామీ," అన్నాడు, "దీంట్లో కలపమాకండి. దీని రేటు వేరే."